బ్రోమిన్ సగటు పరమాణు ద్రవ్యరాశి నాకు 79.99 వస్తోంది, పట్టికలో 79.90 ఉంది. తేడా ఎక్కడ?

నీలిమంట

ఈ లెక్క దగ్గరే ఆగిపోయాను, ఎవరైనా చూసి చెప్పండి. ఇచ్చింది ఇంతే: బ్రోమిన్-79 50.69 శాతం, బ్రోమిన్-81 49.31 శాతం, సగటు పరమాణు ద్రవ్యరాశి కనుక్కోవాలి. 79 × 0.5069 = 40.0451, 81 × 0.4931 = 39.9411, కలిపితే 79.986. ఆవర్తన పట్టికలో చూస్తే 79.904. రౌండింగ్ తేడా అనుకుందామంటే మరీ ఎక్కువగా ఉంది, శాతాలు తప్పేమో అనుకుంటే రెండూ కలిపి సరిగ్గా 100 వస్తున్నాయి. క్లోరిన్‌కి ఇలాగే చేస్తే 35.48 వచ్చింది, పట్టికలో 35.45 ఉంది, అప్పుడు దగ్గరగానే ఉందిలే అని వదిలేశాను.

ఇంకో డౌట్ కూడా. లెక్కల్లో బ్రోమిన్‌కి 80 వేసుకోమంటారు కదా, మరి బ్రోమిన్-80 ఈ లిస్టులో ఎందుకు లేదు?

పాతబీకర్

పద్ధతి బాగానే ఉందండీ, 79, 81 వేయడం దగ్గరే తేడా వచ్చింది. అవి ద్రవ్యరాశి సంఖ్యలు, అంటే కేంద్రకంలో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పేవి. బ్రోమిన్-79 పరమాణువు అసలు ద్రవ్యరాశి 78.9183 ఏఎంయు (పరమాణు ద్రవ్యరాశి కొలిచే ప్రమాణం), 81 ది 80.9163. ఇవి వేసి చూడండి:

78.9183 × 0.5069 + 80.9163 × 0.4931 = 40.0037 + 39.8998 = 79.9035

అంటే 79.904కి వచ్చేసినట్టే. క్లోరిన్‌లో మీరు వదిలేసిన 0.03 కూడా ఇదే.

79 కన్నా ఎందుకు తగ్గిందీ అంటే, 35 ప్రోటాన్లు, 35 ఎలక్ట్రాన్లు, 44 న్యూట్రాన్ల ద్రవ్యరాశులు విడివిడిగా తీసుకుని కూడితే 79.655 వస్తుంది. అవన్నీ కలిసి ఒక పరమాణువు అయ్యాక ఉండేది 78.918. మిగతా 0.737 బంధన శక్తి రూపంలో, అంటే కణాలు కేంద్రకంగా కట్టుబడేటప్పుడు విడుదలయ్యే శక్తిగా, బయటికి పోయింది. మరి కార్బన్-12 మాత్రం ఖచ్చితంగా 12 ఎలా అయిందని అడుగుతారు, అందులోనూ ఈ తగ్గుదల ఉంది, కాకపోతే 1961 నుంచి ఆ పరమాణువునే కొలబద్దగా పెట్టుకుని దాన్ని 12 అన్నాం. బ్రోమిన్ కేంద్రకంలో ఒక్కో కణం కార్బన్‌లో కన్నా గట్టిగా బంధించి ఉంటుంది, అందుకే పూర్ణాంకం కన్నా కిందికి దిగుతుంది. హైడ్రోజన్-1లో బంధించడానికి రెండో కణమే లేదు, అది 1.0078, పైన ఉంటుంది.

సగంమార్కు

పైన చెప్పింది సరే, కానీ పరీక్షలో అసలు ద్రవ్యరాశులు ఇవ్వకపోతే 79, 81 తోనే చేయాలి, 79.99 అని రాస్తే మార్కులు పడతాయి, దానికి టెన్షన్ అక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది తిరగేసి అడిగినప్పుడు, అంటే సగటు ఇచ్చి శాతాలు అడిగే లెక్కలో. పట్టికలోని 79.904 తీసుకుని దానికి 79, 81 జోడించారనుకోండి:

79x + 81(1 − x) = 79.904
2x = 1.096, x = 0.548

54.8 శాతం! అసలుది 50.69. సగటులో 0.1 కూడా లేని తేడా ఇక్కడికొచ్చేసరికి నాలుగు శాతం దాటిపోయింది, ఎందుకంటే రెండు ఐసోటోపుల (ఒకే మూలకం, న్యూట్రాన్ల సంఖ్య వేరు, ఇక్కడ 79, 81) మధ్య దూరమే 2, ఆ చిన్న తేడాని ఆ 2తో భాగిస్తున్నాం. 78.9183, 80.9163 వేస్తే x = 1.0123 / 1.998, అంటే 50.7 శాతం, సరిగ్గా కూర్చుంటుంది. కొన్ని గైడ్లలో ఈ రెండూ కలగలిపిన లెక్కలు కనిపిస్తాయి, నాకైతే చిరాకు. పూర్ణాంకాలు వాడితే అన్నిచోట్లా పూర్ణాంకాలే వాడాలి, దశాంశాలైతే అన్నీ దశాంశాలే.

మబ్బుపటలం

80 సంగతి ఎవరూ చెప్పలేదు. బ్రోమిన్-80 ఉంది, కానీ 35 ప్రోటాన్లు, 45 న్యూట్రాన్లు, రెండూ బేసి, అలాంటి కేంద్రకాల్లో స్థిరంగా నిలిచేవి చాలా తక్కువ. దీని అర్ధజీవిత కాలం సుమారు 18 నిమిషాలు, కాబట్టి ప్రకృతిలో దొరికే బ్రోమిన్‌లో అది లెక్కకు రాదు. లెక్కల్లో వేసుకునే 80 అంటే 79.904ని దగ్గరి పూర్ణాంకానికి రౌండ్ చేసింది, అంతే. అంత బరువున్న పరమాణువు బ్రోమిన్ సీసాలో ఒక్కటీ ఉండదు!

మాస్ స్పెక్ట్రమ్‌లో, అంటే కణాలను ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి చూపే గ్రాఫులో, చూస్తే ఇంకా బాగుంటుంది. బ్రోమిన్ అణువుకి 158, 160, 162 దగ్గర మూడు పీకులు, ఎత్తులు దాదాపు 1:2:1. మధ్యది రెండు 80ల వల్ల వచ్చింది కాదు, 79తో 81 జతకట్టడం వల్ల వచ్చింది. 79 ముందు, 81 వెనక, లేదా అటూ ఇటూ, అలా రెండు దారులు కాబట్టి రెట్టింపు.

నీలిమంట

థాంక్స్ అందరికీ, 79.9035 నేనూ చేసి చూశాను, వచ్చింది. ఒక్కటి మిగిలింది, ఈ శాతాలు ఎక్కడి బ్రోమిన్ తీసుకున్నా ఇంతేనా?

పాతబీకర్

బ్రోమిన్‌కి దాదాపు ఇంతే, తేడాలు చాలా స్వల్పం. అన్ని మూలకాలకీ అలా కాదు. సీసం తీసుకోండి, యురేనియం క్షీణించి చివరికి సీసం-206 అవుతుంది, థోరియం సీసం-208 అవుతుంది, కాబట్టి ఏ ఖనిజంలోంచి తీశారన్నదాన్ని బట్టి సగటు మారుతుంది. పట్టికలో దానికి 207.2 అని ఒక్క దశాంశంతో ఆపేసింది అందుకే. లిథియం మరీ తమాషా, మామూలుగా 6.94, కానీ అణ్వస్త్రాల కోసం లిథియం-6ని వేరుచేసి తీసేసుకోగా మిగిలిన సరుకు కూడా మార్కెట్లోకి వచ్చింది, దాని సగటు 7కి దగ్గరగా ఉంటుంది. లిథియంతో నాలుగు దశాంశాల దాకా లెక్క కావాలంటే పట్టికను కాదు, సీసా మీద లేబుల్ చూడాలి.