అప్‌డేట్: ఫ్లింగ్ కార్డు గొడవ తేలింది

పోయిన వారం మేజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట గురించి ఇక్కడ ఒక సందేహం అడిగాను: నేను ఫ్లింగ్ కార్డు వేసేటప్పుడు, దానికోసం బలిచ్చే క్రీచర్‌ని (పోరాడే జీవి కార్డు) ఎదుటివాడు ముందే చంపి అడ్డుకోవచ్చా? 5 పవర్ (దాడి బలం) ఉన్న నా క్రీచర్‌ని సాక్రిఫైస్ చేసి (బలిచ్చి), దాని పవర్ అంత డ్యామేజ్ చేసే ఫ్లింగ్ వేస్తే, "ఆగు, ముందు నీ క్రీచర్‌ని లైట్నింగ్ బోల్ట్ కార్డుతో చంపుతా" అన్నాడు మా ఫ్రెండ్. ఆ రోజు నేను ఒప్పేసుకుని ఓడిపోయాను.

మీరు చెప్పినట్టు కార్డుని నింపాదిగా మళ్లీ చదివాను. సాక్రిఫైస్ చేయడం అందులో అదనపు కాస్ట్, అంటే కార్డు వేయడానికి కట్టాల్సిన మూల్యం. టార్గెట్ అన్న మాట డ్యామేజ్ ఎవరికి అనే వాక్యంలోనే ఉంది. కాస్ట్ కట్టేది స్పెల్ (ఇక్కడ ఫ్లింగ్) వేస్తున్నప్పుడే, మధ్యలో ఎవరూ అడ్డుపడలేరు. వాడికి అవకాశం వచ్చేసరికి నా క్రీచర్ గ్రేవ్‌యార్డ్‌లో (వాడేసిన, చచ్చిన కార్డుల కుప్పలో) ఉంటుంది, ఇక బోల్ట్ దేని మీద వేస్తాడు? చివరిగా ఉన్న పవర్ 5 కాబట్టి డ్యామేజ్ కూడా 5.

వాడికి కార్డు చూపిస్తే రెండుసార్లు చదివి, "నిజమేరా" అన్నాడు. నాకెంత హాయిగా అనిపించిందో!

ఒక్కటి మాత్రం నాకు కొత్త. టార్గెట్‌ని ముందు ఎంచుకోవాలి, కాస్ట్ తర్వాత కట్టాలి. వేశాక ఫ్లింగ్ ఫలితం జరిగేలోపు టార్గెట్ మాయమైతే ఫ్లింగ్ పనిచేయదు, సాక్రిఫైస్ చేసిన క్రీచర్ తిరిగి రాదు. అందుకే ఆదివారం ఆటలో ఎదుటి క్రీచర్‌ని వదిలేసి, నేరుగా వాడి మీదే వేశాను.

ఓపిగ్గా వివరించిన అందరికీ చాలా థ్యాంక్స్.