వంగ కుండీలో తెల్ల రెక్కల పురుగు, ఏంటిది?

మేడమీదవంగ:
రాత్రి ఆరేసిన బట్టలు తీద్దామని మేడెక్కితే వంగ ఆకు మీద కూర్చుని ఉంది. గోరంత ఉంటుందేమో. పాల తెలుపు రెక్కలు, వాటి మీద కాఫీపొడి చల్లినట్టు మచ్చలు, మధ్యలో కాస్త గులాబీ ఛాయ. రెక్కలు పరుచుకుని తోక మాత్రం తేలులా పైకెత్తింది. ఫోన్ తీసేలోపు తుర్రుమంది. ఇంత ముద్దొచ్చేదాన్ని కొట్టబుద్ధి కాలేదు. పేరు తెలుసా ఎవరికైనా? అన్నట్టు, రోజూ నీళ్లు పోస్తున్నా ఆ మొక్కకి రెండు మొవ్వులు వాడిపోయాయి.

పెరటిరైతు:
ఆ వాడిన మొవ్వులే దాని పేరు చెబుతున్నాయండీ. వంగ కొమ్మ, కాయ తొలుచు పురుగుకి తల్లి అది. ల్యూసినోడిస్ ఆర్బొనాలిస్ అంటారు. రెక్కలు చాపితే 2 సెంటీమీటర్లు, అంతే. తోక పైకెత్తే ఆ దర్జాతోనే నేనూ గుర్తుపడతాను. ఆకుల మీద గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగు లేత కొమ్మలోకి దూరి లోపల తినేస్తుంది. వాడిన మొవ్వుని కాస్త కిందికి తుంచి చీల్చి చూడండి. తుంచింది కుండీలోనే పడేయొద్దు. మొదటి ఏడాది నేనదే చేశాను, ఎండుటాకుల్లో గూడు కట్టుకుని మళ్లీ తయారు.

కాయల్లో ఇంకో తిరకాసు. మా ఆవిడ ఓసారి బొక్కలున్న వంకాయలు పక్కన పెట్టి, నున్నటివి ఏరి గుత్తి వంకాయకి తీసింది. కోస్తే నున్నటివాటిలోనే మూడు పురుగులు! పెద్ద బొక్క అది బయటికి పోయిన దారి. దూరిన చోటు సూదిమొనంతే, దాన్నీ పెంటతో మూసేసుకుంటుంది.

కోనసీమ_కాయగూరలు:
అందుకే మందు కొట్టినా లోపలున్నదానికి తగలదు. మా వైపు వంగకి కొట్టినన్ని మందులు దేనికీ కొట్టరు. దీని కోసమే ఈ పురుగుని చంపే బ్యాక్టీరియా జన్యువు ఎక్కించి బీటీ వంకాయ తయారుచేస్తే 2010 ఫిబ్రవరిలో కేంద్రం ఆపేసింది. మీ రెండు కుండీలకి అంత టెన్షన్ ఎందుకు, లింగాకర్షక బుట్ట ఒకటి కట్టండి, ఆడ పురుగు వాసన ఉన్న ఎర పెట్టి పట్టేది. పడేవి మగవే, అయినా జత దొరక్క గుడ్లు తగ్గుతాయి. ఎర పాతబడితే మార్చాలి, చాలామంది అది మర్చిపోయి బుట్టని తిడతారు.

మేడమీదవంగ:
చీల్చాను. ఉంది, లేత గులాబీ రంగులో. రెండో మొవ్వు ఖాళీ. అంటే అది కాయలోకి మారిందా?

పెరటిరైతు:
మారే ఉంటుంది. ఇవాళ ఉన్న కాయలన్నీ కోసెయ్యండి, నున్నటివి కూడా.