ఐదో తరగతిలో పిల్లాణ్ణి ఆపేయడం సాయమా, శిక్షా?

పలక బలపం:

నేను ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. ఆదోని వైపు ఒక ఊళ్లో పనిచేస్తున్నాను, పద్నాలుగేళ్ల సర్వీసు. మొన్న కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశం) భోజనాల దగ్గర మొదలైన వాదన ఇంకా మనసులోంచి పోలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివారికి రెండు ముక్కల్లో చెప్తాను. ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఏ పిల్లనూ అదే తరగతిలో ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. 2019లో దాన్ని సవరించారు. ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టాలి, తప్పినవాళ్లకు రెండు నెలల్లో మళ్లీ అవకాశం ఇవ్వాలి, అప్పుడూ తప్పితే ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాల ఇష్టం. 2024 డిసెంబరులో కేంద్రం తన కిందున్న కేంద్రీయ విద్యాలయాల్లాంటి బడులకు ఆపే నిబంధన తెచ్చింది. తమిళనాడు మేం ఆపమని చెప్పేసింది. మా మీటింగ్‌లో మాత్రం చాలామంది "మనకూ రావాలి, భయం ఉంటేనే చదువుతారు" అన్నారు.

నేను ఒప్పుకోలేకపోయాను. ఎందుకో చెప్తాను.

పోయిన ఏడాది నా క్లాసులో ఒక బాబు ఉన్నాడు. లెక్క ఇస్తే పలకను పొట్టకు ఆనించి దాచుకునేవాడు. ఒకరోజు పక్కన కూర్చుని మెల్లగా చూపించమన్నాను. 52లోంచి 27 తీసేసి 35 అని రాశాడు. ఎలా వచ్చింది నాన్నా అంటే, 7లోంచి 2 పోతే 5, 5లోంచి 2 పోతే 3 అన్నాడు. అంటే పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు. ఒకటో తరగతిలో మేం చెప్పింది అదే. వాడు దాన్ని బుద్ధిగా పట్టుకున్నాడు. "పైన చిన్నది ఉంటే పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని చెప్పిన రోజుల్లో వాడు బడిలో లేడు. సంక్రాంతి తర్వాత అమ్మానాన్నలతో గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లాడు.

ఇలాంటి పిల్లాణ్ణి ఫెయిల్ చేస్తే వాడికేం తెలుస్తుంది? తనకు చదువు రాదని తెలుస్తుంది. అప్పు తెచ్చుకోవడం మాత్రం తెలియదు.

లెక్కల మాస్టారు:

మేడమ్, మీ బాబు కథ చదివి బాధపడ్డాను. కానీ ఆ బాబే నాలుగేళ్ల తర్వాత నా దగ్గరికి వస్తాడు. అది కూడా వినండి.

నాది గోదావరి జిల్లాలో హైస్కూలు. తొమ్మిదో తరగతిలో బహుపదులు చెప్పాలి. క్లాసులో నలభై మంది ఉంటే పదిమందికి పైగా భాగహారం రాదు. వాళ్లు అల్లరి పిల్లలు కాదు. నోట్సు ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తారు, బోర్డు మీదున్నది ఉన్నట్టు దింపుతారు, ఒక్క ముక్క అర్థం కాదు. ఎవరూ ఎక్కడా ఆపలేదు కాబట్టి వాళ్లకు రాదన్న సంగతి ఇంట్లోవాళ్లకే తెలియదు. "ఏటా పాసవుతున్నాడు కదా సార్" అని అమాయకంగా అడుగుతారు.

ఆ తర్వాత పదో తరగతి. అక్కడ బోర్డు పరీక్ష, ఎవరి దయా పనిచేయదు. పదేళ్ల పిల్లాడు ఒక ఏడాది వెనకబడితే తట్టుకుంటాడు. పదహారేళ్ల వాడు ఫలితాల రోజు సెల్‌ఫోన్‌లో మొదటిసారి నిజం చూస్తే తట్టుకోగలడా? ఆ ఫలితాల రోజు నేను పడే టెన్షన్ మీకు మాటల్లో చెప్పలేను. ఫోన్ చేసి ఎత్తని పిల్లల ఇళ్లకు బండేసుకుని వెళ్తాను.

నొప్పి ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. చిన్నప్పుడైతే మందు ఉంటుంది.

ఇద్దరు పిల్లల అమ్మ:

మాస్టారు చెప్పింది నిజం. మా పెద్దవాడు ఆరో తరగతి. వాడికి తెలుగు పేరా చదవడం రాదని నాకు తెలిసింది మా అత్తగారి మందుల చీటీ చదవమన్నప్పుడు. ప్రోగ్రెస్ కార్డులో అన్నీ బాగానే ఉన్నాయి. ఆపమని అనను, కానీ మాకు నిజం చెప్పండి.

పాలమూరు:

నేను ఆగిపోయినవాణ్ణి. నన్ను కూడా వినండి.

మా రోజుల్లో ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది. 1996లో తప్పిన. మరుసటి ఏడు మా తమ్ముడు ఆరు పాసయి నా క్లాసుకే వచ్చిండు. ఇద్దరం ఒకే బెంచీ మీద. సార్ పొరపాటున కూడా ఒక మాట అనలేదు, ఎవరూ కొట్టలేదు. కానీ తమ్ముడు చేయెత్తినప్పుడల్లా నేను కిందికి చూసేది. అదే పుస్తకం, అదే సార్, అవే పాఠాలు. నాకు ఏది రాలేదో ఆ రెండో ఏడు కూడా ఎవరూ చెప్పలేదు. దసరా సెలవులకు బొంబాయి పోయే మేస్త్రీ వెంట పోయిన, మళ్లీ బడికి రాలేదు. ఇప్పటికీ ఏ సబ్జెక్టులో ఎక్కడ తప్పిననో నాకు తెలియదు.

రాజమండ్రి:

నా అనుభవం దీనికి వ్యతిరేకం అన్నయ్యా. నేనూ ఏడు తప్పాను, నాకు మేలే జరిగింది. ఆ ఏడాది మా తెలుగు టీచరు సాయంత్రం అరగంట తన టేబుల్ పక్కన కూర్చోబెట్టి చదివించేవారు. ఈ రోజు నేను బ్యాంకులో పనిచేస్తున్నానంటే ఆవిడ వల్లే.

పలక బలపం:

మీరిద్దరూ రాసింది పొద్దున్నుంచి మూడుసార్లు చదివాను. ఇద్దరూ ఏడు తప్పారు. ఒకరి పక్కన టీచరు కూర్చుంది, ఇంకొకరి పక్కన ఎవరూ లేరు. నేను చెప్పాలనుకుంటున్నది ఆ అరగంట గురించే.

2024 నిబంధనల్లోనూ ఆ మాట ఉంది. ఆపిన ఏడాది క్లాస్ టీచరు పిల్లాడికి ఎక్కడ లోపముందో గుర్తించి ప్రత్యేకంగా సాయం చేయాలి, అవసరమైతే తల్లిదండ్రులకూ దారి చూపాలి అని. మంచిదే. కానీ ఆ సాయం ఆపాకే ఎందుకు మొదలుకావాలి? 2009 చట్టంలోనే, 24వ సెక్షన్లో, ప్రతి పిల్ల ఎంతవరకు నేర్చుకోగలుగుతోందో చూసి, అవసరమైనవాళ్లకు అదనంగా చెప్పడం టీచరు విధి అని రాసి ఉంది. ఆపొద్దన్న మాటను అందరం గుర్తుపెట్టుకున్నాం, ఈ మాటను వదిలేశాం. మాస్టారి దగ్గరికి భాగహారం రాకుండా పిల్లలు వస్తున్నారంటే అందులో నా భాగం ఉంది, ఒప్పుకుంటున్నాను.

లెక్కల మాస్టారు:

ఒప్పుకున్నందుకు సంతోషం మేడమ్. కానీ రాజమండ్రి తమ్ముడి టీచరు అతణ్ణి గమనించిందే తప్పాక కదా. తప్పకపోయి ఉంటే ఆ టేబుల్ పక్కకు పిలిచేదా? పేరు ఒక జాబితాలోకి ఎక్కితేనే హెచ్ఎం (హెడ్మాస్టరు) కదులుతారు, ఎంఈవో (మండల విద్యాధికారి) అడుగుతారు.

ఇంకోటి. మీకు తీరిక ఎక్కడిది?

పలక బలపం:

తీరిక లేదు, నిజమే. అరవై మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు చాలని చట్టమే చెప్తోంది. తరగతులు ఐదు. మూడు నాకు, రెండు మా హెచ్ఎం గారికి. ఆయన మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ హాజరు చూసుకునే రోజు ఐదూ నావే. ఇది మార్చకుండా పిల్లల్ని మాత్రం ఆపుతామంటే నాకు కోపం వస్తుంది. మా ఊళ్లో ఏప్రిల్ పరీక్షకు ఎవరు తప్పుతారో జనవరిలోనే చెప్పగలను. కోతల బండి ఎక్కినవాళ్లు తప్పుతారు. వలస వెళ్లేవాళ్ల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు, కొందరు ఉంటారు. చంటిబిడ్డను చూసుకోవడానికి వెంట తీసుకెళ్లే ఆడపిల్లలు ఉండరు. అలాంటి పిల్లను ఐదులో ఆపితే మళ్లీ బడి గడప తొక్కనిస్తారా?

ఆ బాబు సంగతి పూర్తి చేస్తాను. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టాం. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి ఏడు ఇమ్మన్నాను. రెండు ఇచ్చి ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు. నేనేమీ మాట్లాడలేదు, నాకైతే నోటిదాకా వచ్చింది. తర్వాత తనే ఒక కట్ట తీసుకుని రబ్బర్‌బ్యాండ్ విప్పాడు. "ఇది విప్పొచ్చా టీచర్?" అని అడిగాడు. ఆ రోజు పలక దాచలేదు.

రోజుకు ఇరవై నిమిషాలు, పదకొండు రోజులు పట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మిగతావాళ్లను బొమ్మలేసుకోమని చెప్పి కూర్చునేదాన్ని.

లెక్కల మాస్టారు:

పదకొండు రోజులా. నేను తొమ్మిదో తరగతిలో అదే పని చేయబోతే రెండు నెలలైనా లొంగలేదు. మూడేళ్లుగా తప్పు పద్ధతి చేతికి అలవాటైపోయి ఉంటుంది.

ఆపడం మీద నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. ఎనిమిదో తరగతి చివర ఒక గట్టి పరీక్ష ఉండాలనే ఇప్పటికీ అంటాను. ఐదు విషయంలో మాత్రం ఒకటి అడుగుతాను. ఆపకండి, సరే. పంపేటప్పుడు టీసీతో పాటు ఒక కాగితం పంపండి. మార్కులు వద్దు. ఏది వచ్చు, ఏది రాదు, అంతే. ఎవరి దగ్గర మొదలుపెట్టాలో తెలియక జూన్, జూలై నాకు వృథా అవుతున్నాయి.

ఇద్దరు పిల్లల అమ్మ:

ఆ కాగితం మాకూ ఒక కాపీ ఇవ్వండి.

పలక బలపం:

ఇస్తానమ్మా. మాస్టారూ, ఆ బాబుది ఇవాళే రాశాను, మా పక్క ఊరి హైస్కూల్లో ఆరులో చేరుతున్నాడు. పేరు తీసేసి ఇక్కడ పెడుతున్నాను, ఇంకేమైనా కలపాలంటే చెప్పండి:

"రెండంకెల తీసివేత వచ్చు, మూడంకెల్లో మధ్యలో సున్నా ఉంటే ఆగుతాడు. గుణకారం ఐదో ఎక్కం వరకు వచ్చు. భాగహారం ఇంకా మొదలుపెట్టలేదు. తెలుగు చదువుతాడు, ఒత్తులున్న మాటల దగ్గర తడబడతాడు. జనవరి నుంచి మార్చి వరకు బడిలో ఉండకపోవచ్చు. తప్పు వచ్చిందనుకుంటే పలక దాస్తాడు, లాక్కోవద్దు, పక్కన కూర్చుంటే తనే చూపిస్తాడు."