అప్‌డేట్: కొటేషన్‌లోని "డ్రేయేజ్" అంటే ఏంటో తేలింది

మొన్న అడిగిన ప్రశ్న ఇది: నల్లగొండ నుంచి బియ్యం కంటైనర్ పంపేందుకు వచ్చిన కొటేషన్‌లో ఓడ కిరాయి కాక "డ్రేయేజ్" అని విడిగా ఎందుకు వేశారు? జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ఇంగ్లండులో పక్కపలకలు లేని, బరువులు మోసే ఎత్తు తక్కువ గుర్రబ్బండిని "డ్రే" అనేవారు. లాగడం అనే అర్థమున్న పాత ఇంగ్లిష్ మాట "డ్రగన్" (dragan) దాని మూలం. గుర్రం రోజుకు వెళ్లగలిగేది కొంత దూరమే కాబట్టి, రేవు నుంచి గోదాముకో, రైలు స్టేషనుకో చేసే దగ్గరి రవాణాకే "డ్రేయేజ్" అన్న పేరు స్థిరపడింది. పనికీ కూలికీ ఒకటే మాట. మన మార్కెట్ యార్డులో "హమాలీ" మనిషికీ, అతని కూలికీ చెల్లినట్టే.

మన లెక్కలో అయితే ఇలా: హైదరాబాద్ సనత్‌నగర్‌లోని కంటైనర్ డిపో నుంచి ఖాళీ కంటైనర్ మిల్లుకు రావాలి, నింపాక తిరిగి డిపో చేరాలి. నల్లగొండ నుంచి ఒకవైపే సుమారు 100 కిలోమీటర్లు. అందుకే రానుపోను కిరాయి పడుతుంది.

గొడవ వచ్చేది వెయిటింగ్ దగ్గరే. బస్తాలు, హమాలీలు సిద్ధంగా లేకపోతే లారీ ఆగిన గంటలకు వేరే డబ్బు. ఎన్ని గంటలు ఉచితమో, టోల్, లిఫ్టింగ్ (కంటైనర్‌ను ఎత్తి దించే ఖర్చు) కలిసాయో లేదో ముందే రాయించుకోండి. డిటెన్షన్ దీనికి వేరు: గడువు దాటాక కూడా కంటైనర్ మీ దగ్గరే ఉంటే షిప్పింగ్ లైన్ (ఓడ కంపెనీ) వేసే ఛార్జీ అది.