ఐపీవీ6 మాత్రమే అందే ఇంటి కనెక్షన్‌తో టోర్ రిలే నడపవచ్చా?

కృష్ణలంక_వాసి (ప్రశ్న)

నమస్కారమండి. మాది విజయవాడ. మా ఇంటి ఫైబర్ కనెక్షన్‌లో ఐపీవీ4 (పాత రకం ఇంటర్నెట్) చిరునామాను ఎందరో చందాదారులు పంచుకుంటున్నారు కాబట్టి, బయటి నుంచి మా యంత్రాన్ని దాని మీద చేరుకునే దారి లేదు. మా ఐపీవీ6 (కొత్త రకం) చిరునామాను మాత్రం బయటి నుంచి ఎవరైనా చేరుకోవచ్చు. వాడకుండా మిగిలిపోతున్న బ్యాండ్‌విడ్త్‌ను టోర్‌కు (వాడేవారి గుర్తింపును దాచే నెట్‌వర్క్) ఇద్దామని రిలే (సమాచారాన్ని అందుకొని ముందుకు పంపే యంత్రం) పెట్టబోతే, ఐపీవీ4 ఓఆర్‌పోర్ట్ (ఇతరులు రిలేతో కలిసే పోర్ట్) తప్పనిసరి అని తెలిసింది. ప్రపంచస్థాయిలో పంచడానికి ఉన్న ఐపీవీ4 చిరునామాల నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. ఐరోపాలో చిరునామాలు పంచే సంస్థ రైప్ దగ్గర మిగిలినవి కూడా 2019 నవంబరులో ముగిశాయి. అలాంటప్పుడు స్వచ్ఛందుల మీదే ఆధారపడిన నెట్‌వర్క్ నావంటి వారిని ఎందుకు దూరంగా ఉంచుతోంది?

మధ్య_రిలే

మీ ప్రశ్న న్యాయమైనదేనండి, అయితే ఈ నిబంధన వెనుక బలమైన కారణం ఉంది. టోర్‌లో వాడుకదారుని సమాచారం మామూలుగా మూడు రిలేల గుండా వెళుతుంది, ఆ మూడింటినీ ఎంచుకునేది వాడుకదారుని యంత్రమే. ఏ రిలే అయినా మరే రిలేతోనైనా నేరుగా కలవగలదన్న నమ్మకం మీదే ఆ ఎంపిక నడుస్తోంది. మీ ఐపీవీ6 రిలే మధ్య స్థానంలోకి వచ్చిందనుకోండి: ఐపీవీ4 మాత్రమే ఉన్న రిలేలు దానితో కలవలేవు కనుక, దానికి అటూ ఇటూ ఐపీవీ6 కూడా ఉన్న రిలేలే రావాలి. ఒక సర్క్యూట్‌లో (అంటే ఆ మూడు రిలేల దారిలో) మీ రిలే ఉందని పసిగట్టిన వాడు, మిగిలిన రెండూ ఏవై ఉంటాయో వెతకవలసిన జాబితాను అక్కడికక్కడే కుదించుకోగలడు. వేగం కొంత తగ్గితే సర్దుకోవచ్చు గానీ, గుంపులో కలిసిపోవడమే రక్షణగా బతికేవారి గుంపును రెండుగా చీల్చడం నాకు సమ్మతం కాదు. అందుకే టోర్ ఐపీవీ6 వైపు మారే క్రమంలో ఐపీవీ6 మాత్రమే ఉన్న రిలేలను అన్నిటికంటే చివర చేర్చుకోవాలని నా అభిప్రాయం.

పాత_నిర్వాహకుడు

జరిగిన మార్పు కూడా అదే క్రమంలో, అంచుల నుంచి లోపలికి జరిగింది. ముందు వాడుకదారులు ఐపీవీ6 మీద బ్రిడ్జిలను (బహిరంగ జాబితాలో లేని ప్రవేశ రిలేలు) చేరుకునే వీలు కలిగింది, తర్వాత టోర్ సాఫ్ట్‌వేర్ 0.2.4 శ్రేణిలో ఎగ్జిట్‌ల (సైట్లతో మాట్లాడే చివరి రిలేలు) నుంచి ఐపీవీ6 సైట్లకు దారి ఏర్పడింది. సైట్ పేరును చిరునామాగా మార్చేది ఎగ్జిట్ రిలేయే కాబట్టి, ఇంట్లో ఐపీవీ6 లేని మనిషి కూడా టోర్ ద్వారా ఆ సైట్లు చూడగలడు.

రిలేల మధ్య మాత్రం చాలా కాలం ఐపీవీ4 ఒక్కటే దారి. 2021లో వచ్చిన 0.4.5 శ్రేణితోనే రిలే తన ఐపీవీ6 చిరునామాను తానే కనుక్కొని, అది బయటివారికి అందుతోందో లేదో తానే పరీక్షించుకోవడం మొదలైంది. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన పని ఇదే. అంతకుముందు నిర్వాహకుడు ఆ చిరునామాను చేత్తో రాయవలసి వచ్చేది. అది అందకపోతే, ఐపీవీ6 ఉన్న డైరెక్టరీ అథారిటీలు (రిలేల జాబితాను ఓటుతో తేల్చే సర్వర్లు) ఆ రిలే పనిచేయడం లేదని ఓటు వేసేవి, దాంతో చక్కగా నడుస్తున్న రిలే కూడా గంటకొకసారి తయారయ్యే ఉమ్మడి జాబితాలోంచి జారిపోయే ప్రమాదం ఉండేది. జీతం లేకుండా సేవ చేసే మనిషి అంత ముప్పు ఎందుకు కొనితెచ్చుకుంటాడు? ఆజ్ఞాపించే అధికారం ఎవరికీ లేని చోట, ఏమీ చేయకుండా వదిలేసినా సరైన పని జరిగేటట్లు సాఫ్ట్‌వేర్‌ను మలచడమే మార్గం.

ఇప్పుడు అవసరం రెండు చిరునామాలూ ఉన్న గార్డ్ రిలేలది (వాడుకదారుడు మొదట కలిసే రిలేలు). ఐపీవీ6 మాత్రమే ఉన్న వాడుకదారులకు అవే దిక్కు. అవి తక్కువగా ఉంటే వారందరూ ఆ కొద్ది రిలేల చేతుల్లోకే వెళతారు.

లెక్కల_మాస్టారు

ఇంకొక సంగతి కూడా ఆలోచించాలి. ఐపీవీ4 కొరత మనకు ఇబ్బందే అయినా, దానివల్ల కొంత కాపలా దొరుకుతోంది. ఒక ఐపీవీ4 చిరునామా మీద ఇన్ని రిలేలే అని అథారిటీలు పరిమితి పెడతాయి కనుక, వందల రిలేలు ఒక్కడే పెట్టి అందరినీ గమనించాలనుకునే వాడికి చిరునామాల ఖర్చే అడ్డు పడుతుంది. ఐపీవీ6లో ఒక్క /64 పరిధిలోనే (మొదటి 64 బిట్లు ఒకటే అయిన చిరునామాల గుంపు) 2 టు ది పవర్ 64 చిరునామాలు ఉంటాయి, కాబట్టి అక్కడ విడి చిరునామాలను లెక్కపెట్టడం వృథా, పరిధులనే లెక్కించాలి. సర్క్యూట్ కట్టేటప్పుడు ఐపీవీ4లో ఒకే /16 నుంచి, ఐపీవీ6లో ఒకే /32 నుంచి రెండు రిలేలు తీసుకోకూడదన్న నియమం ఇప్పటికే ఉంది. ఐపీవీ4ను వదిలిన రోజున భారమంతా ఇలాంటి లెక్కల మీదే పడుతుంది. అవి గట్టిపడేదాకా తొందరపడవద్దని నా మనవి.

కృష్ణలంక_వాసి

ముగ్గురికీ ధన్యవాదాలండి. నిబంధన ఎందుకుందో అర్థమైంది. ఈలోగా నేను చేయగలిగినది ఏమైనా ఉందా?

మధ్య_రిలే

ఉందండి. ఇంటి నుంచి స్నోఫ్లేక్ ప్రాక్సీ (టోర్‌కు చేరడానికి తోడ్పడే తాత్కాలిక మధ్యవర్తి) నడపండి. అది వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్లు ఒకదానితో ఒకటి నేరుగా కలిసే పద్ధతి) మీద పనిచేస్తుంది కనుక పంచుకునే చిరునామా వెనుక నుంచి కూడా నడుస్తుంది, టోర్‌ను అడ్డుకునే దేశాల్లోని వారికి దారి చూపుతుంది. రిలేనే పెట్టాలనుకుంటే, రెండు రకాల చిరునామాలూ ఇచ్చే చిన్న సర్వర్‌ను, ఇప్పటికే రిలేలు కిక్కిరిసి లేని సంస్థ దగ్గర అద్దెకు తీసుకోండి. కాన్ఫిగరేషన్‌లో ఓఆర్‌పోర్ట్‌కు పోర్ట్ సంఖ్య మాత్రం రాస్తే చాలు, రెండు చిరునామాలనూ టోరే చూసుకుంటుంది. ఫైర్‌వాల్‌లో మాత్రం ఐపీవీ6కు కూడా అదే పోర్ట్‌ను విడిగా తెరవాలి. ఎగ్జిట్‌ను ఇంటి కనెక్షన్ మీద ఎప్పుడూ నడపకండి.