మందుల దుకాణంలో ఆరు కంప్యూటర్లు, ఒకటే స్టాకు: ఏ డేటాబేస్ వాడాలి?

కౌంటర్_6: మాది మందుల హోల్‌సేల్. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ ఫైలును షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి ఆరు కంప్యూటర్ల నుంచి బిల్లులు కొడుతున్నాం. ఫైలు 2 జీబీ పరిమితికి దగ్గరపడింది. సాయంత్రం రద్దీలో బిగుసుకుపోతోంది. డేటా అంతా ఒకే ఫైలులో ఉంచే ఎస్‌క్యూలైట్‌కు మారాలా, సర్వర్‌గా నడిచే పోస్ట్‌గ్రెస్‌కా?

వరుసతాళం: పోస్ట్‌గ్రెస్. ఒక బ్యాచ్‌లో మిగిలిన చివరి పెట్టెను ఇద్దరు ఒకేసారి బిల్లు చేస్తే, పట్టికలో ఆ బ్యాచ్ ఉన్న ఒక్క వరుసకే తాళం వేసి, మొదటివారి పని ముగిసేదాకా రెండోవారిని ఆపుతుంది. మిగతా నలుగురి పని సాగుతూనే ఉంటుంది. ఎస్‌క్యూలైట్‌లో ఒకరు రాస్తున్నంతసేపూ ఇంకెవరూ రాయలేరు.

ఒకేఫైలు: ఎంతసేపో కూడా చెప్పండి. ఒక బిల్లుకు కొన్ని మిల్లీసెకన్లు! ఆరుగురు గుమాస్తాలు దానికి లెక్కే కాదు. పైగా దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి అక్కర్లేదు.

వరుసతాళం: వేగం సంగతి కాదండీ, షేర్డ్ ఫోల్డర్ సంగతి. నెట్‌వర్క్ మీద ఫైలు తాళాలను నమ్మలేమని ఎస్‌క్యూలైట్ తయారుచేసినవాళ్లే రాసిపెట్టారు. 2010లో వచ్చిన, మార్పులను ముందుగా వేరే ఫైలులో రాసే వాల్ పద్ధతి అయితే, అందరూ ఒకే యంత్రం మీద ఉంటేనే పనిచేస్తుంది.

ఒకేఫైలు: షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టమని నేనెక్కడ అన్నాను? ఫైలు ఒక యంత్రంలో, దాని ముందు చిన్న ప్రోగ్రామ్. మిగతావన్నీ దాన్నే అడుగుతాయి.

పాతమీట: మైఎస్‌క్యూఎల్ వేసుకోండి. 5.5 వెర్షన్ నుంచి డేటాను దాచే ఇంజిన్‌గా ఇన్నోడీబీయే డిఫాల్ట్, వరుస తాళాలు అందులోనూ ఉన్నాయి.

వరుసతాళం: ఆ చిన్న ప్రోగ్రామే కదా సర్వర్! ఉన్నదాన్ని వదిలేసి సొంతంగా రాసుకోవడం దేనికి? ఇంత చెప్పినా మళ్లీ అదే పాట.

ఒకేఫైలు: పాడతాను, దెబ్బ తిన్నది మేము కాబట్టి. మా బావగారి దుకాణంలో ఒకాయన పోస్ట్‌గ్రెస్ పెట్టి ఊరు మారిపోయాడు. డిస్కు నిండి సర్వర్ ఆగింది. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. చేతిరాత బిల్లులతో నెట్టుకొచ్చారు, అటకెక్కి పెట్టెలు లెక్కపెట్టారు. అదే ఫైలైతే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని...

వరుసతాళం: అక్కడే ఆగండి. బిల్లులు నడుస్తుండగా ఫైలు కాపీ చేస్తే పాడైన కాపీ చేతికి రావచ్చు. ఎస్‌క్యూలైట్‌కైనా బ్యాకప్ ఆదేశమే వాడాలి. పోస్ట్‌గ్రెస్‌లో బ్యాకప్ తీసే పీజీ_డంప్‌ను రాత్రిపూట దానంతటదే నడిచేలా పెట్టవచ్చు.

ఒకేఫైలు: నడిచిందో లేదో పొద్దున చూసేదెవరు? మీ ఆఫీసులో అందుకు జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటారు. దుకాణంలో ఎవరున్నారు?

కౌంటర్_6: మా దగ్గర ఎవరూ లేరు. ప్రోగ్రామ్ రాసిచ్చినాయన తీరిక ఉంటే వస్తాడు.

వరుసతాళం: ఇది ముందే చెప్పాల్సింది. ఇప్పటికీ పోస్ట్‌గ్రెస్సే అంటాను. కానీ నెలకోసారి బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లోకి ఎక్కించి, అందులో ముందురోజు బిల్లు తెరిచి చూపించాలని ఆయనతో రాయించుకోండి. పాస్‌వర్డ్ యజమాని దగ్గర ఉండాలి.

ఒకేఫైలు: ఆ షరతుకు నేనూ సరే. ఆయన సంతకం పెట్టేదాకా పాత ఏళ్ల బిల్లులను వేరే ఫైలులోకి మార్చి, ఉన్న యాక్సెస్ ఫైలును కంపాక్ట్ చేయండి, అంటే ఖాళీ జాగా తీసేసి కుదించండి. బిల్లులు తీసేసినంత మాత్రాన సైజు తగ్గదు. ఆ పని చేసేటప్పుడు ఆరు కంప్యూటర్లలోనూ ప్రోగ్రామ్ మూసేసి ఉండాలి.