దీపావళి పిల్లల గది: పోర్టల్ వెలగడం లేదు, ఎవరైనా చూడండి

పిల్లల గది:
అందరికీ నమస్కారం. శనివారం మన స్టాక్‌హోమ్ దీపావళికి పిల్లల గది నా బాధ్యత. హాల్లో మంట పెట్టకూడదన్నారు కాబట్టి ప్రమిదలన్నీ బ్యాటరీవే, కాకరపువ్వొత్తులు కూడా బయట పార్కింగ్ దగ్గరే. అందుకే నరకాసుర వధ మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలో పెడదామని పోయిన మీటింగులో అనుకున్నాం. పిల్లలు ఆటలోకి రాగానే కొవ్వొత్తుల వరుసలు వెలిగిస్తారు. తర్వాత పోర్టల్ (ఇంకో లోకానికి తీసుకెళ్ళే గేటు) వెలిగించి నెదర్ అనే పాతాళం లాంటి లోకంలోకి వెళ్తారు. అక్కడ కట్టి ఉంచిన నరకాసురుణ్ణి టీఎన్‌టీతో పేల్చి వెనక్కి వస్తారు. బొమ్మ సిద్ధం, కొవ్వొత్తులు సిద్ధం, పోర్టల్ ఒక్కటే మొండికేసింది. ఫ్లింట్ అండ్ స్టీల్ (నిప్పు వెలిగించే చెకుముకి) పట్టుకుని పిల్లలు ఎన్ని క్లిక్‌లు కొట్టినా, వెలిగితే గేటులో కనబడే ఊదా తెర రావడం లేదు. ఆట తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి, నాకు టెన్షన్‌గా ఉంది.

వంటలు:
పోర్టల్ సంగతి నాకు తెలీదు కానీ పులిహోరకి చింతపండు గుజ్జు ఎవరు తెస్తామన్నారు? ఈ థ్రెడ్‌లోనే చెప్పేయండి, వేరేది ఎవరూ చూడటం లేదు.

టెక్, సౌండ్:
చింతపండు నా దగ్గర ఉంది వదినా, శుక్రవారం సాయంత్రం షిస్టా స్టేషన్ దగ్గర ఇస్తాను.

అక్కా, ముందు ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ ఒకటి పెట్టండి, ఎదురుగా నిలబడి తీసింది. ఈలోగా నియమాలు చెప్తాను, మీకే తేడా కనబడొచ్చు. నెదర్ పోర్టల్ ఫ్రేమ్ అచ్చంగా ఆబ్సిడియన్ అనే నల్లరాయితో, నిలువుగా, దీర్ఘచతురస్రంగా ఉండాలి. నేల మీద పడుకోబెట్టినట్టు కడితే వెలగదు. బయటి కొలత కనీసం 4 అడ్డం, 5 నిలువు. ఎక్కువలో ఎక్కువ 23, 23. నాలుగు మూలల్లో బ్లాక్ లేకపోయినా పర్వాలేదు, అందుకే చిన్న పోర్టల్‌కి 10 ఆబ్సిడియన్లు చాలు, మూలలతో కలిపితే 14. లోపలి భాగం మాత్రం పూర్తిగా ఖాళీగా ఉండాలి. టార్చ్ ఉన్నా, గడ్డి పరక ఉన్నా ఆట ఒప్పుకోదు.

గేటు కట్టిన అబ్బాయి:
అన్నా, కట్టింది నేనే. అడ్డం 6, నిలువు 7. క్రియేటివ్ మోడ్‌లో కట్టాను కాబట్టి ఆబ్సిడియన్ కొరత లేదు. స్క్రీన్‌షాట్ పెట్టాను చూడండి. పైన మామిడి తోరణంలా తీగలు వేలాడదీశాను, కింద గడప మీద కార్పెట్‌లతో ముగ్గు వేశాను. పై వరుస మధ్యలో రెండు బ్లాకులు క్రయింగ్ ఆబ్సిడియన్, వెలుతురు వస్తుందని పెట్టాను, బాగుంటుంది కదా.

టెక్, సౌండ్:
బాగుంది తమ్ముడూ, తోరణం చూసి మా ఆవిడ కూడా మెచ్చుకుంది. కానీ వెలగకపోవడానికి ఒకటికి మూడు కారణాలు ఆ ఒక్క ఫొటోలోనే ఉన్నాయి.

క్రయింగ్ ఆబ్సిడియన్ ఊదా రంగు చుక్కలతో మెరుస్తుంది కాబట్టి పోర్టల్‌కి అదే సరైనదని చాలామంది పిల్లలు అనుకుంటారు. ఫ్రేమ్‌లో అది లెక్కలోకి రాదు. మెరుపు కావాలంటే మూలల్లో పెట్టుకో, మూలలను ఆట ఎలాగూ చూడదు. పై వరుస మధ్యలో మాత్రం మామూలు ఆబ్సిడియనే ఉండాలి.

తోరణం తీగలు ఫ్రేమ్ లోపలి ఖాళీలోకి దిగాయి. కార్పెట్ ముగ్గు కూడా కింది వరుస మీదే కూర్చుంది, అంటే అదీ ఖాళీలోనే ఉంది. రెండూ తీసేయనక్కర్లేదు, ఒక అడుగు ముందుకు జరుపు. తీగలను ఆబ్సిడియన్ ముందు ముఖానికి అతికించు, ముగ్గు గుమ్మం బయట వెయ్యి. ఇంట్లో అయినా ముగ్గు వేసేది గుమ్మం బయటే కదా. పై భాగం గోపురంలా వంపు తిరగాలనిపిస్తే ఆ వంపంతా ఫ్రేమ్ పైన కట్టుకో, లోపలి ఖాళీ మాత్రం దీర్ఘచతురస్రంగా వదిలెయ్.

గేటు కట్టిన అబ్బాయి:
అన్నా సూపర్! మూడూ సరిచేశాను, ఒక్క క్లిక్‌కే వెలిగింది. నెదర్‌లోకి వెళ్ళి వచ్చాను కూడా.

పిల్లల గది:
బాబూ, నీకు వెలిగింది సరే. నువ్వు ఆర్పి వెళ్ళాక మా పిల్లలు మళ్ళీ చేశారు, వెలగలేదు. అదే గేటు, అదే ఫ్లింట్ అండ్ స్టీల్. మా చిన్నది కొవ్వొత్తులు కూడా వెలగడం లేదంటోంది. ఇంతకుముందు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

టెక్, సౌండ్:
అక్కా, మీ చిన్నమ్మాయి చెప్పిందే అసలు కిటుకు. కొవ్వొత్తికి ఫ్రేమ్ ఉండదు, కొలతలు ఉండవు. అది కూడా వెలగలేదంటే తప్పు గేటుది కాదు, పిల్లలకి అక్కడ ఏదీ ముట్టుకునే అనుమతి లేదన్నమాట. ఇక్కడి నుంచి ఎవరూ ఆబ్సిడియన్ జోలికి వెళ్ళకండి.

మనది జావా ఎడిషన్ (కంప్యూటర్లలో ఆడే రకం) సర్వర్. దాని సెట్టింగుల ఫైల్‌లో స్పాన్ ప్రొటెక్షన్ అని ఒక లైన్ ఉంటుంది, మామూలుగా 16 అని ఉంటుంది. అందరూ మొదట దిగే చోటు నుంచి నాలుగు వైపులా 16 బ్లాకుల దాకా, అంటే నేల మీద 33 వెడల్పు 33 పొడవు చదరంలో, ఆపరేటర్ హోదా (క్లుప్తంగా ఆప్, సర్వర్‌ని నడిపే అధికారం) ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ బ్లాకు పెట్టలేరు, పగలగొట్టలేరు, దేన్నీ వెలిగించలేరు. మనవాడికి ఆపరేటర్ హోదా ఉంది కాబట్టి అతనికి అన్నీ పనిచేస్తాయి. పిల్లలకి లేదు. దిగగానే కనబడాలని గేటు, కొవ్వొత్తులు సరిగ్గా ఆ చదరం మధ్యలోనే కట్టాం. సర్వర్‌లో ఒక్క ఆపరేటర్ కూడా లేకపోతే ఈ కాపలా అసలు పనిచేయదు. అందుకే ఒకరి ఇంట్లో సరిగ్గా ఉన్న సర్వర్ ఇంకొకరికి ఆప్ ఇచ్చిన వెంటనే మొరాయించినట్టు కనబడుతుంది.

దారులు రెండు. పిల్లలందరికీ ఆప్ ఇవ్వడం ఒకటి, దయచేసి ఆ ఆలోచనే వద్దు. పది నిమిషాల్లో ఎవరో ఒకరు మిగతావాళ్ళని సర్వర్ నుంచి గెంటేస్తారు, ఏడుపులు మొదలవుతాయి. రెండోది ఆ 16ని 0 చేసి సర్వర్‌ని ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టడం. ఫైల్ మార్చి సేవ్ చేస్తే సరిపోదు, రీస్టార్ట్ తప్పనిసరి.

హాల్ బుకింగ్:
ఒక సందేహం. గేటునే ఆ చదరం బయటికి జరిపితే? కాపలా అలాగే ఉంటుంది కదా.

టెక్, సౌండ్:
గేటు ఒక్కటే అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. నెదర్‌లో 1 బ్లాకు అంటే మామూలు ప్రపంచంలో 8 బ్లాకులు. గేటును ఇక్కడ 24 బ్లాకులు జరిపినా అక్కడ తేడా 3 బ్లాకులే, కాబట్టి పాత ద్వారానికే దారి కుదురుతుంది, నరకాసురుణ్ణి మళ్ళీ కట్టనక్కర్లేదు. కానీ కొవ్వొత్తులు దిగిన చోటే వెలిగించాలి, పిల్లల దీపావళి అంతా అక్కడే ఉంది. అందుకని 0 చేసేద్దాం. పిల్లలు సర్వైవల్ మోడ్‌లో (మామూలు ఆటలో) ఉంటారు, గునపాలు ఇవ్వం. ఉత్త చేత్తో ఆబ్సిడియన్ ఒక్కటి విరగ్గొట్టాలంటే 250 సెకన్లు పడుతుంది, అంత ఓపిక ఉన్న పిల్లాడు మన సంఘంలో లేడు. కొవ్వొత్తులు మాత్రం ఊడగొడతారు, మనవాడు వెనకే తిరిగి పెడతాడు. అడ్వెంచర్ మోడ్‌లో పెడదామని ఎవరైనా అంటే వద్దనండి, అందులో ఫ్లింట్ అండ్ స్టీల్ మామూలుగా పనిచేయదు, మళ్ళీ మొదటికొస్తాం.

ఆపరేటర్ కాని అకౌంట్‌తో పరీక్షించకుండా ఇక ఎవరూ సరే అయిందని రాయకండి. ఆప్ ఉన్నవాడికి పనిచేయడం లెక్కలోకి రాదు.

గేటు కట్టిన అబ్బాయి:
0 చేసి రీస్టార్ట్ కొట్టాను. మా చెల్లి అకౌంట్‌తో కొవ్వొత్తి వెలిగింది, పోర్టల్ వెలిగింది. కానీ లోపలికి వెళ్ళి నిలబడితే ఏమీ అవ్వడం లేదంటోంది. నాకు మాత్రం ముట్టుకోగానే తీసుకెళ్తోంది.

టెక్, సౌండ్:
నువ్వు క్రియేటివ్‌లో ఉన్నావు కాబట్టి వెంటనే తీసుకెళ్తుంది. సర్వైవల్‌లో ఉన్నవాళ్ళు ఊదా తెరలో 4 సెకన్లు కదలకుండా నిలబడాలి. పిల్లలు లోపలికి దూకి, ఏమీ కాలేదని బయటికి దూకేస్తారు. మీ చెల్లిని గోవిందా గోవిందా అని నిదానంగా అనుకుంటూ నిలబడమను, తల తిరిగినట్టు తెర ఊగుతుంది, ఆ వెంటనే వెళ్ళిపోతుంది. అప్పుడు కూడా వెళ్ళకపోతే సర్వర్‌లో నెదర్‌నే ఆపేశారేమో చూడాలి. దానికి వేరే సెట్టింగ్ ఉంటుంది. అది ఆపేసి ఉంటే పోర్టల్ వెలుగుతుంది గానీ ఎవరినీ దాటించదు. వెలగకపోవడం వేరు, దాటించకపోవడం వేరు, ఏది జరిగిందో స్పష్టంగా చెప్తే సగం పని అయిపోతుంది.

గేటు కట్టిన అబ్బాయి:
వెళ్ళింది! గోవిందా పనిచేసింది 😄

పిల్లల గది:
హమ్మయ్య. మరి అటువైపు సంగతి? బొమ్మ ద్వారానికి ఎదురుగానే ఉంది, పిల్లలు దిగగానే కనబడుతుంది.

టెక్, సౌండ్:
అదే కొంచెం మార్చాలి అక్కా. టీఎన్‌టీ పేలితే ఆబ్సిడియన్ ఫ్రేమ్‌కి ఏమీ కాదు గానీ దగ్గర్లో ఉంటే మధ్యలోని ఊదా తెర ఆరిపోతుంది. పిల్లలంతా అటువైపు, తిరుగు దారి మూత. బొమ్మను కనీసం పదిహేను ఇరవై బ్లాకుల దూరంలో పెట్టించండి. మధ్యలో లావా ఉంటే రాళ్ళతో కప్పేయమనండి. అయినా ఆరితే వెలిగించడానికి ప్రతి పిల్లాడి చేతిలో ఫ్లింట్ అండ్ స్టీల్ ఉంటుంది కాబట్టి గాభరా అక్కర్లేదు, ఆ ఫ్రేమ్ లోపల కూడా ఏమీ అడ్డం లేకుండా చూస్తే చాలు.

ఆటను పీస్‌ఫుల్‌లో పెట్టండి, ఘాస్ట్‌లు (నిప్పు ఉండలు విసిరే దయ్యాలు) రావు. చనిపోయినా చేతిలో సామాను పోకుండా కీప్ ఇన్వెంటరీ ఆన్ చేయండి. మంటలు వ్యాపించకుండా ఫైర్ టిక్ ఆపేయండి. దానివల్ల పోర్టల్ వెలగడానికి అడ్డేమీ రాదు, కొందరికి ఆ అనుమానం ఉంటుంది. ఇంకో ముఖ్యమైన విషయం, ఎవరి చేతికీ మంచం ఇవ్వకండి. నెదర్‌లో మంచం మీద పడుకోబోతే అది బాంబులా పేలుతుంది. ఆ సంగతి తెలిసిన పిల్లాడు గదిలో ఒక్కడైనా ఉంటాడు, నరకాసురుణ్ణి వదిలేసి పక్కవాణ్ణి పేలుస్తాడు.

ఒక పేరెంట్:
మా పాపకి స్విచ్‌లో ఉంది మైన్‌క్రాఫ్ట్. అది తెస్తే సరిపోతుందా? ట్యాబ్ కూడా ఉంది.

టెక్, సౌండ్:
సారీ అండీ, స్విచ్‌లో, ట్యాబ్‌లో ఉండేది బెడ్‌రాక్ ఎడిషన్. మన జావా సర్వర్‌లోకి అది రాదు. పాపని తప్పకుండా తీసుకురండి, ఒక లాప్‌టాప్‌కి ఇద్దరు చొప్పున కూర్చోబెడుతున్నాం. ఒకరు వెలిగిస్తే ఒకరు పేలుస్తారు.

లాప్‌టాప్ తెచ్చేవాళ్ళకి ఒక మనవి. పిల్లల అకౌంట్ తల్లిదండ్రుల కింద ఉంటే మల్టీప్లేయర్‌కి మీరే అనుమతి ఇవ్వాలి, అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఫ్యామిలీ సెట్టింగుల్లో ఉంటుంది. శుక్రవారం రాత్రే చూసుకోండి. శనివారం హాల్లో పాస్‌వర్డ్ గుర్తురాక, కోడ్ వేరే ఫోన్‌కి వెళ్ళి, ఆ ఫోన్ వంటగదిలో ఉండి... ఇవన్నీ మనకి తెలిసినవే. సర్వర్ ఏ వెర్షన్‌లో ఉందో రేపు ఇక్కడే రాస్తాను, లాంచర్‌లో అదే ఎంచుకోవాలి.

హాల్ బుకింగ్:
వైఫై గురించి అడిగాను. అతిథుల నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ని చూడలేదట, భద్రత కోసం అలా పెట్టారు. మార్చడం కుదరదన్నారు.

టెక్, సౌండ్:
అనుకున్నాను. మా ఇంటి పాత రౌటర్ తెస్తాను, లాప్‌టాప్‌లన్నీ దానికే కలుపుదాం. సర్వర్ లాప్‌టాప్‌కి వైఫై వద్దు, కేబుల్ వేద్దాం. లాగిన్ కోసం ఇంటర్నెట్ నా ఫోన్ నుంచి ఇస్తాను. సర్వర్ మెషీన్‌లో ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్ అని ఒప్పుకోవాలి, లేకపోతే 25565 పోర్ట్ (సర్వర్‌లోకి వచ్చే దారి) మూసుకుని ఎవరూ లోపలికి రాలేరు. అప్పుడు మళ్ళీ పోర్టల్ పాడైందని నాకే ఫోన్ చేస్తారు.

వంటలు:
ఈ ఆట ఇక్కడే పుట్టిందట కదా, మావాడు చెప్పాడు. నిజమేనా?

గేటు కట్టిన అబ్బాయి:
అవును ఆంటీ, మోజాంగ్ ఆఫీసు స్టాక్‌హోమ్‌లోనే. 2009లో మొదట బయటికి వచ్చింది, 2014లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. మా స్కూల్లో సార్లు కూడా ఆడతారు.

పిల్లల గది:
సరే, పనులు పంచుకుందాం. బాబూ, నువ్వు గేటు, బొమ్మ జరపడం, తర్వాత ప్రపంచం ఫోల్డర్ మొత్తం ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో. మొదటి బ్యాచ్ పేల్చేశాక రెండో బ్యాచ్‌కి నరకాసురుడు మళ్ళీ బతికి రావాలి కదా, ఆ కాపీయే పెడదాం. రౌటర్, కేబుల్ టెక్ చూసే అన్న తెస్తాడు. ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఇంకా ఎవరూ రాయలేదు, మూడు కావాలి. తెచ్చేవాళ్ళు మీ పేరు టేప్ మీద రాసి అతికించండి, పోయిన ఉగాదికి వచ్చినవి రెండు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి, ఎవరివో చెప్పండి.

ఒక పేరెంట్:
ఆ తెల్లది మాదే అక్కా. అదే తీసుకురండి, ఇంకోటి నేను తెస్తాను.